భరతుడి పేరులోని బాకీ

దుష్యంతుడి కొడుక్కి భరతుడన్న పేరు ఎలా వచ్చిందో మహాభారతం ఆదిపర్వం చెబుతుంది. కొడుకును వెంటబెట్టుకుని శకుంతల నిండు సభకు వచ్చింది. ఈమె ఎవరో నేనెరగనన్నాడు రాజు. ఆమె వాదించింది, ధర్మం చెప్పింది, చివరికి విసిగి వెనుదిరిగింది. అప్పుడు అశరీరవాణి పలికింది: ఈ బిడ్డ పుట్టుకకు కారణం నువ్వే, శకుంతల చెప్పింది నిజం, వీణ్ణి భరించు అని. భరించమని దేవతలు చెప్పారు కాబట్టి వీడికి భరతుడనే పేరు ఉండాలని కూడా ఆ వాణే నిర్ణయించింది. 'భృ' ధాతువుకు మోయడమని, పోషించడమని అర్థం. భర్త, భార్య, భారం, భరణం అన్నీ ఆ ధాతువు నుంచి పుట్టినవే. మనవాళ్లు మనోవర్తి కేసులని పిలుచుకునే దావాల్లో, కోర్టు కాగితాల మీద కనిపించే భరణం కూడా అదే మాట. మహాభారతమన్న పేరుకే మూలమైన రాజు పేరు, ఆ లెక్కన, తండ్రి మీద వెలువడిన ఒక భరణం ఉత్తర్వు. పెళ్లి కాకుండా కలిసి ఉండి, తర్వాత విడిపోయిన ఇద్దరి మధ్య బిడ్డ పోషణ కోసం నడిచే తగవుల్లో అసలు ప్రశ్న ఈ పేరులోనే ఉంది. బిడ్డకు పెట్టవలసిన అన్నం తల్లిదండ్రుల పెళ్లి మీద ఆధారపడి ఉంటుందా, బిడ్డ పుట్టుక మీదా? పుట్టుక మీదేనని, పెళ్లి ఆ బాకీకి సాక్షి మాత్రమేనని, బాకీ పుట్టింది పెళ్లి నుంచి కాదని ఈ వ్యాసం వాదన.

శకుంతలది గాంధర్వ వివాహం కదా, పెళ్లికాని వాళ్ల తగవుకు ఆమె కథ ఎలా సరిపోతుందని అడగవచ్చు. అయితే ఆ గాంధర్వానికి అగ్నిసాక్షి లేదు, పురోహితుడు లేడు, పెద్దలు లేరు. ఉన్నదల్లా ఇద్దరి మాట. అందులో ఒకరు మాట తప్పగానే సభ కళ్లకు అది పెళ్లి కాకుండా పోయింది. దుర్వాసుడి శాపం, పోయిన ఉంగరం, చేప కడుపు ఇవన్నీ కాళిదాసు నాటకం లోనివి. నాటకాల వల్ల, సినిమాల వల్ల మనకు ఉంగరం గుర్తుండిపోయింది, అబద్ధం మరుగున పడింది. వ్యాసుడి దుష్యంతుడికి మరపు లేదు, తెలుగులో నన్నయ దుష్యంతుడికీ లేదు. తెలిసే కాదన్నాడు. ఆమె మాట మీదే ఒప్పుకుంటే లోకం అనుమానిస్తుందని వెనుకాడానని తర్వాత తానే చెప్పుకున్నాడు. పైగా శకుంతల కూడా అలాంటి బిడ్డే. మేనక, విశ్వామిత్రుడు పెళ్లితో కలిసినవాళ్లు కారు, కలిసి ఉండిపోయినవాళ్లూ కారు. మేనక మాలినీ నది ఒడ్డున పసికందును వదిలి వెళ్లిపోయింది. పక్షులు కాచాయి, కణ్వుడు పెంచాడు. రవివర్మ చిత్రంలో మేనక చేతిలోని బిడ్డను చూడకుండా మొహం తిప్పుకుని చెయ్యెత్తిన విశ్వామిత్రుణ్ణి మనం చూస్తూనే ఉన్నాం. తపస్సు ఎంత గొప్పదైనా ఆ ఎత్తిన చెయ్యి ధర్మమని ఏ కథకుడూ అనలేదు.

అశరీరవాణి ఏం చెప్పిందో, ఏం చెప్పలేదో గమనించాలి. ఈమె నీ ధర్మపత్ని కాబట్టి బిడ్డను పోషించు అనలేదు. పుట్టుకకు కారకుడివి కాబట్టి పోషించు అంది. శకుంతలను అవమానించవద్దని వేరుగా చెప్పింది. స్త్రీకి ఇవ్వవలసిన గౌరవం ఒక లెక్క, బిడ్డకు ఇవ్వవలసిన పోషణ మరొక లెక్క. అయితే ఇదే వాణి తల్లిని తోలుతిత్తితో పోల్చి, బిడ్డ తండ్రివాడేనంది. ఆ పోలికను ఇవాళ ఒప్పుకోనక్కరలేదు. బిడ్డ తండ్రి సొత్తూ కాదు, తల్లి సొత్తూ కాదు. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం 20వ సెక్షన్ ఆ తప్పును సరిచేసింది. వివాహం వల్ల పుట్టినా పుట్టకపోయినా పిల్లలను పోషించే బాధ్యతను తండ్రి మీదా తల్లి మీదా కూడా పెట్టింది. పురాణం నుంచి మనం తీసుకోవలసింది తిత్తి పోలికను కాదు, బాకీకి మూలం ఎక్కడుందో చెప్పిన వివేకాన్ని.

మన చట్టం ఈ వివేకాన్ని చాలాకాలం కిందటే అందుకుంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 488వ సెక్షన్, దాని స్థానంలో 1973లో వచ్చిన 125వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్, మూడూ ఒకే మాట అంటాయి: స్తోమత ఉండీ బిడ్డను పట్టించుకోని తండ్రి నెలనెలా ఇవ్వాలి, ఆ బిడ్డ పెళ్లిలో పుట్టినా కాకపోయినా. ఈ సెక్షన్ మతం అడగదు, కులం అడగదు, శుభలేఖ అడగదు. 1973 కోడ్ పెట్టిన 500 రూపాయల గరిష్ఠ పరిమితిని 2001 సవరణ తీసేసింది. మధ్యంతర భరణం దరఖాస్తును, నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని కూడా ఆ సవరణే చెప్పింది. 2011లో రేవణసిద్ధప్ప కేసులో సుప్రీంకోర్టు, తల్లిదండ్రుల సంబంధాన్ని చట్టం ఒప్పుకోకపోయినా బిడ్డ పుట్టుకను దాని నుంచి విడిగా చూడాలన్న భావం వెలిబుచ్చింది. ఇన్ని చెప్పినా మన కాగితాల్లో 'అక్రమ సంతానం' అన్న మాట ఇంకా బతికే ఉంది. క్రమం తప్పినవాళ్లు ఇద్దరు, విశేషణం మోస్తున్నది మూడో ప్రాణి. సెక్షన్ బిడ్డకు అన్నం పెట్టింది కానీ, వ్యవహారంలో వాడుతున్న భాష మాత్రం బిడ్డను వాకిట్లోనే నిలబెట్టింది.

పెళ్లి లేని చోట పోషణ లేదనడమే సంప్రదాయమని నమ్మేవాళ్లు ధర్మశాస్త్రాలను తిరగేస్తే ఇబ్బంది పడతారు. ముసలి తల్లిదండ్రులను, సాధ్వి అయిన భార్యను, పసిబిడ్డను నూరు చేయరాని పనులు చేసైనా పోషించాలన్నది మనువు మాటగా మితాక్షర ఉదహరిస్తుంది. చేయరాని పని చేయమని ఇది చెప్పడం లేదు, పోషణ విషయంలో సాకులు చెల్లవని చెబుతోంది. విజ్ఞానేశ్వరుడి ఆ మితాక్షరను 13వ శతాబ్దంలోనే కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగులోకి తెచ్చాడు కాబట్టి ఈ న్యాయం మనకు కొత్తదీ కాదు, పరాయిదీ కాదు. స్మృతులు లెక్కపెట్టిన పన్నెండు రకాల కొడుకుల్లో పెళ్లికి ముందు కన్నెకు పుట్టిన కానీనుడు కూడా ఉన్నాడు. దాసికి పుట్టిన కొడుక్కి శూద్ర తండ్రి ఆస్తిలో భాగమిచ్చారు, పై మూడు వర్ణాల తండ్రుల దగ్గర భాగం లేకున్నా పోషణ ఇచ్చారు. ఆ శాస్త్రాల్లో వర్ణభేదం ఉంది, కూతుళ్లను మరచిన అన్యాయమూ ఉంది, వాటిని దాచిపెట్టి పొగడడం నిజాయితీ కాదు. కానీ అంత భేదాలు పాటించిన శాస్త్రం కూడా, వారసత్వం వేరు, ఆకలి వేరు అని గుర్తించింది. ఆస్తి ఇవ్వకపోవడానికి దానికి కారణాలు దొరికాయి, అన్నం పెట్టకపోవడానికి మాత్రం దొరకలేదు.

మొదటి అభ్యంతరం నీతి పేరుతో వస్తుంది. పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకూ అదే హక్కు ఇస్తే ఇక పెళ్లికి విలువేముంటుంది, కట్టుబాటు తప్పడానికి ఇది ప్రోత్సాహం కాదా అంటారు. ఈ వాదనను దేశాలు చట్టాలుగా చేసి చూశాయి. 1804 నాటి నెపోలియన్ కోడ్ ఫ్రాన్స్‌లో, పెళ్లికాని తల్లి బిడ్డకు తండ్రెవరో కోర్టులో విచారించడాన్నే నిషేధించింది. పరువుగల కుటుంబాలను అల్లరి నుంచి కాపాడడం దాని ఉద్దేశం. 1912లో గానీ ఆ తలుపు, అదీ కొన్ని షరతులతో, తెరుచుకోలేదు. ఇంగ్లండ్‌లో 1834 నాటి కొత్త పేదల చట్టం అలాంటి బిడ్డ భారాన్ని తల్లి మీదే మోపింది. మగవాడి నుంచి డబ్బు రాదని తెలిస్తే ఆడవాళ్లు జాగ్రత్తగా ఉంటారన్నది లెక్క. ఆ నిబంధనల మీద జనం తిరగబడ్డారు. పదేళ్లకే, 1844లో, తల్లి నేరుగా తండ్రి మీద కోర్టుకు వెళ్లే దారి ఇవ్వవలసి వచ్చింది. ఆలోచిస్తే ఆ లెక్క మొదటే తప్పు. బాధ్యత లేని సుఖం ఒకరికి, సుఖం ముగిశాక బాధ్యత మరొకరికి పంచితే కట్టుబాటు తప్పడానికి లైసెన్సు దొరికేది మొదటివాడికే. నిజంగా పెళ్లి విలువ పెంచాలనుకునేవాళ్లు, పెళ్లి చేసుకోకపోయినంత మాత్రాన తప్పించుకోలేవు అని మగవాడికి చెప్పాలి. పెళ్లిని గౌరవించడానికి ఒక పసివాడి కంచం ఖాళీగా ఉంచాలంటే, ఆ గౌరవం అగ్నికీ అక్కరలేదు, అరుంధతికీ అక్కరలేదు.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. నేను బిడ్డ వద్దన్నాను, కనాలన్నది ఆమె ఒక్కతి నిర్ణయం, నా సమ్మతి లేని దానికి నన్నెలా కట్టేస్తారు? 1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం కావలసిన సమ్మతి స్త్రీదే, మగవాడి సంతకం అక్కరలేదు. మరి ఎంపిక ఒకరిది, ఖర్చు ఇద్దరిదీ అనడం న్యాయమా? దీన్ని వెక్కిరించి కొట్టిపారేయకూడదు. ఇందులో ఇద్దరు పెద్దల మధ్య ఒక అసమానత నిజంగానే ఉంది. కానీ అది ఆ ఇద్దరి మధ్య తగవు. గర్భం మోసేది ఒకరే కాబట్టి అక్కడ ఇద్దరినీ సమానం చేసే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. బిడ్డ పుట్టాక ఆ తగవు పాతబడిపోతుంది, ఎదుట కొత్త మనిషి ఉంటాడు. ఆ మనిషి ఎవరినీ మోసగించలేదు, ఎవరి మాటా తప్పలేదు. పైగా సమ్మతి లేనిదే ఋణం ఉండదన్న సూత్రం మన ఆలోచనలో ఎన్నడూ లేదు. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం నెత్తిన పెట్టుకునే పుడతామని తైత్తిరీయ సంహిత కాలం నుంచి వింటున్నాం. అడగకుండా పుట్టిన పసికందు మీదే మూడు అప్పులు రాసిన సంప్రదాయంలో నిలబడి, ఎదిగిన మనిషి తన చేత వచ్చిన ప్రాణానికి నేను సమ్మతించలేదనడం వింతగా ఉంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో సమ్మతి అడగబడని మనిషి ఒక్కరే. ఆ ఒక్కరే ఇప్పుడు భరణం కోరుతున్నారు. సంతానంతో పితృఋణం తీరుతుందన్న మాటకు కూడా కని వదిలేయడమని అర్థం చెప్పుకుంటే అది అప్పు తీర్చడం కాదు, ఒక అప్పుకు బదులు ఇంకో అప్పు చేయడం.

మూడో అభ్యంతరం రుజువుది. నా బిడ్డే అని నమ్మకమేమిటి? దుష్యంతుడు లోకం పేరు చెప్పి అడిగిందీ ఇదే. దీనికి చట్టం ఇచ్చే జవాబులో ఒక వంకర ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్ 116వ సెక్షన్, పెళ్లి నడుస్తుండగా పుట్టిన బిడ్డను ఆ భర్త బిడ్డగానే భావిస్తాయి. ఆ నీడ పెళ్లికాని తల్లి బిడ్డకు లేదు. అందరికంటే బలహీనమైన బిడ్డ మీదే రుజువు బరువంతా పడుతుంది. అందుకే డీఎన్ఏ పరీక్ష వచ్చాక ఈ తగవుల స్వభావం మారింది. నారాయణ్ దత్ తివారీ 2007 నుంచి 2009 దాకా ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఉన్నారు. ఆయనే తండ్రి అని ప్రకటించాలని ఒక యువకుడు ఢిల్లీ హైకోర్టులో వేసిన దావాలో, ఎంతో పెనుగులాట తర్వాత 2012లో రక్తనమూనా తీసుకున్నారు, నివేదిక అవునంది. ఆ దావా కోరింది నెలకింత అని డబ్బు కాదు, నిజం ఒప్పుకోవడం. ఇదే శాస్త్రం మగవాణ్ణి కూడా కాపాడుతుంది. 2014లో నందలాల్ బద్వాయిక్ కేసులో పరీక్ష ఆయన తండ్రి కాదని తేల్చాక, సుప్రీంకోర్టు చట్టం ఊహకంటే శాస్త్రం చూపిన నిజమే పైదని చెప్పి, ఆ బిడ్డ పోషణ భారం ఆయన మీద ఉండదంది. బాకీకి మూలం పుట్టుక అని ఒప్పుకుంటే రెండు తీర్పులూ ఒకే న్యాయం. సందేహం ఉన్నవాడికి పరీక్ష అడిగే హక్కు ఉంది. పరీక్ష తప్పించుకుంటూ సందేహాన్ని మాత్రం కాపాడుకునే హక్కు లేదు.

నాలుగో అభ్యంతరం వాయిదాల దగ్గర రోజూ వినిపించేది: బిడ్డను నాకు చూపించదు, నేనెందుకివ్వాలి? దీనికి ఎదురుగా ఇంకో మాట కూడా అంతే గట్టిగా వినిపిస్తుంది: రూపాయి ఇవ్వడు, బిడ్డను ఎందుకు చూపించాలి? రెండూ ఒకే తప్పు. రెండిటికీ బిడ్డ సినిమా టికెట్టు లాంటిది, డబ్బిస్తే ప్రవేశం, ఇవ్వకపోతే గేటు బయట. చూడడం కూడా ముందుగా బిడ్డ హక్కే. తండ్రిని తెలుసుకోవడం, ప్రమాదం లేనంతవరకు అతనితో కాలం గడపడం బిడ్డకు అవసరం. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించగా 1992లో భారత్ చేరిన బాలల హక్కుల ఒడంబడిక కూడా, వీలైనంతవరకు తల్లిదండ్రులను తెలుసుకునే హక్కునూ, వాళ్ల సంరక్షణ పొందే హక్కునూ బిడ్డ పేరనే రాసింది. ఒక హక్కు అందలేదని ఇంకో హక్కును కోసేస్తే బిడ్డకు రెండుసార్లు నష్టం. డబ్బు తల్లి ఖర్చుపెట్టుకుంటుందన్న అనుమానానికి జవాబు డబ్బు ఆపడం కాదు, లెక్క అడగడం. 2020లో రజనేశ్ కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, ఖర్చులు ప్రమాణపత్రంలో చెప్పాలని, భరణం దరఖాస్తు పెట్టిన రోజు నుంచే లెక్కకట్టాలని నిర్దేశించింది. లెక్క విప్పి చెప్పే బాధ్యత రెండువైపులా ఉన్నప్పుడు, అనుమానం పేరుతో నెలలు గడపడానికి చోటు తగ్గుతుంది.

చివరి అభ్యంతరం చాలా సున్నితమైనది. కోర్టు డబ్బు ఇప్పించగలదు, ప్రేమ ఇప్పించగలదా? ఇష్టం లేని తండ్రి విసిరేసిన నోట్లతో బిడ్డకు ఏం మేలు? ఈ ప్రశ్న వెనుక కర్ణుడు నిలబడి ఉంటాడు. పుట్టుక రహస్యం కృష్ణుడు చెప్పినప్పుడు కూడా, తనకు పాలిచ్చిన రాధను, పెంచిన అధిరథుణ్ణి వదిలిరానన్నాడు. పెంచినవాళ్లే తల్లిదండ్రులన్న మాటకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు. కానీ కర్ణుడి కథ కన్నవాళ్లను విడిచిపెట్టదు. కుంతి తప్పును వ్యాసుడు చివరిదాకా వెంటాడించాడు. యుద్ధం ముగిశాక, తర్పణాలిచ్చే వేళ, వాడు మీ అన్న అని ఆమె కొడుకులకు చెప్పుకోవలసి వచ్చింది. బతికున్నప్పుడు ఇవ్వని పేరు నీళ్లు వదిలేటప్పుడు ఇచ్చింది. ప్రేమను ఆజ్ఞాపించలేమన్నది నిజం. అందుకే చట్టం ప్రేమ జోలికి పోకుండా, ఆజ్ఞాపించగలిగిన చిన్న భాగాన్ని, అంటే బియ్యం, బడి, బట్ట, మందుల ఖర్చును మాత్రమే పట్టుకుంటుంది. పెద్దది ఇవ్వలేనివాడికి చిన్నది కూడా ఎగ్గొట్టే హక్కు రాదు. ఇంకా ఒక మాట. నెలనెలా ఒప్పుకుని పంపే డబ్బు, నీ పుట్టుకను నేను కాదనడం లేదు అని తండ్రి చెప్పే మాట కూడా. కొందరు పిల్లలకు తండ్రి నుంచి వచ్చే మాట అదొక్కటే.

ఈ అభ్యంతరాలన్నిటిలో ఒకే తప్పు తిరిగి తిరిగి వస్తోంది. మగవాడికీ ఆడమనిషికీ మధ్య లెక్క ఒకటి, వాళ్లిద్దరికీ సమాజానికీ మధ్య లెక్క ఒకటి, వాళ్లకూ బిడ్డకూ మధ్య లెక్క ఒకటి. మొదటి రెండింట్లో ఎవరికి ఎంత రావాలో వాదించుకోవచ్చు, అక్కడ నేరం ఉంటుంది, మోసం ఉంటుంది, క్షమాపణ ఉంటుంది. మూడో లెక్కలో బిడ్డ ఎవరికీ బాకీ లేదు. ఒక ఖాతాలో నష్టాన్ని ఇంకో ఖాతా నుంచి రాబట్టుకోవడం షావుకారు కూడా ఒప్పుకోడు. నారు పోసినవాడు నీరు పోయడా అని మనవాళ్లు దేవుడి మీద భారం వేస్తుంటారు. ఈ తగవుల్లో నారు పోసినవాడు దేవుడు కాదు, చిరునామా ఉన్న మనిషి. సుప్రీంకోర్టు 1988లో కుల్దీప్ కౌర్ కేసులో ఇదే న్యాయాన్ని ఇంకో రూపంలో చెప్పింది: భరణం కట్టనందుకు జైలుకు పోయి వచ్చినంత మాత్రాన బకాయి తీరదు, జైలు వసూలు చేసే పద్ధతే కానీ చెల్లింపు కాదు. శిక్ష తప్పుకు పడుతుంది, అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

కోర్టు దాకా రాని తగవులు ఇంతకంటే ఎక్కువ. అవి ఊరి పెద్దల ముందు, బంధువుల ఇంట్లో, వకీలు గదిలో తేలిపోతుంటాయి. ఒకేసారి ఇంత మొత్తం ఇస్తాం, ఇక కేసు లేదు, బిడ్డకు ఏ సంబంధమూ లేదు అని రాయించి తెగతెంపులు చేసేస్తారు. అలా కూర్చునే పెద్దలకు ఒక విన్నపం. ఆమె నడత గురించి, అతని పరువు గురించి అడిగే ముందు బిడ్డ వయసు అడగండి, బడి ఫీజు అడగండి, పద్దెనిమిదేళ్లు నిండడానికి ఇంకా ఎన్నేళ్లుందో లెక్కపెట్టండి. ఇద్దరు పెద్దవాళ్లు తమ మధ్య ఉన్నది వదులుకోవచ్చు, అది వాళ్ల సొమ్ము. బిడ్డ భరణం వాళ్ల సొమ్ము కాదు. ఆ రాజీ కాగితం మీద ఎన్ని సంతకాలున్నా, బిడ్డ సంతకం మాత్రం ఉండదు.